గచ్చిబౌలిలో బోబో

2019 డిసెంబరు 21, శనివారం. రాయదుర్గం మెట్రో స్టేషన్ తెరిచి అప్పటికి నెలైనా కాలేదు. మా మామయ్యా నేనూ అక్కడ దిగి, ఆటో మాట్లాడుకొని గచ్చిబౌలి బాలయోగి స్టేడియం చేరేసరికి జనం పలుచగానే ఉన్నారు. ఆ ఏడాదే పుట్టిన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ తన మొట్టమొదటి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో, అక్కడి జట్టు ఏటీకే చేతిలో 0-5తో ఓడింది. ఆ తర్వాత ఆ రోజు వరకు గెలిచింది ఒక్క మ్యాచ్. ఎదురుగా ఉన్నది మళ్లీ ఏటీకేయే కాబట్టి ఎవరికీ పెద్ద ఆశలు లేవు. నేను మాత్రం మన జట్టులో గోల్స్ కొట్టే స్ట్రైకర్ బోబో కోసం వెళ్లాను.

బోబో అసలు పేరు డెయివ్‌సన్ రొజేరియో ద సిల్వా. బ్రెజిల్ ఈశాన్యంలోని పెర్నాంబుకో రాష్ట్రంలో, గ్రవతా అనే ఊళ్లో 1985 జనవరిలో పుట్టాడు. అర్జెంటీనా స్టార్ టెవెజ్ ఆడుతున్న కాలంలోనే బ్రెజిల్ క్లబ్ కొరింథియన్స్‌లో ఉండి, 21 ఏళ్ల ప్రాయంలో ఇస్తాంబుల్‌లోని బెసిక్తాస్ క్లబ్‌కు వెళ్లి, అక్కడ 2011 దాకా నిలిచాడు. దేశాలు తిరిగే ఆటగాడి జీవితంలో ఐదేళ్లకు పైగా ఒకే చోట ఉండడం అంటే అది కాపురం కిందే లెక్క. 2007 అక్టోబరు 24న యూరప్ క్లబ్‌ల ఛాంపియన్స్ లీగ్‌లో ఇంగ్లండ్ జట్టు లివర్‌పూల్‌ను బెసిక్తాస్ 2-1తో ఓడించినప్పుడు 82వ నిమిషంలో రెండో గోల్ కొట్టింది ఇతనే. అప్పటికి ఐదు నెలల కిందటే లివర్‌పూల్ ఆ టోర్నీ ఫైనల్ ఆడిన జట్టు. రెండు వారాలు తిరక్కుండానే లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో అదే బెసిక్తాస్ 0-8తో చిత్తయింది. పొగడ్తా తిట్టూ పక్షం రోజుల తేడాలో రుచి చూసినవాడికి, ఆ తర్వాత ఏ ఊళ్లో ఏం జరిగినా పెద్దగా ఆశ్చర్యం కలిగి ఉండదని నా అనుకోలు. 2008-09లో బెసిక్తాస్ టర్కీ లీగ్‌నూ కప్‌నూ రెండింటినీ గెలిచింది.

ఆ పైన క్రుజెయిరో, కైసెరిస్పోర్, గ్రేమియో క్లబ్‌లు. ఈ భాగాన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు, నేనూ చెప్పను.

2016లో, 31 ఏళ్ల వయసులో, సిడ్నీ ఎఫ్‌సీకి వెళ్లినప్పుడు అది విశ్రాంతికి వెళ్లే దారిలా కనిపించింది. అక్కడే అతని ఆట మళ్లీ చిగురు తొడిగింది. 2017-18 సీజన్‌లో 27 గోల్స్ కొట్టి, ఆస్ట్రేలియా ఏ-లీగ్‌లో ఒకే సీజన్‌లో అత్యధిక గోల్స్ రికార్డును తన పేర రాయించుకున్నాడు. 2017 నవంబరులో అడిలైడ్ యునైటెడ్‌పై ఎఫ్‌ఎఫ్‌ఏ కప్ ఫైనల్ అదనపు సమయంలోకి వెళ్తే, 111వ నిమిషంలో గెలుపు గోల్ కూడా అతనిదే. అయితే ఆ జట్టులో అతని వెనుక నింకోవిచ్, మియెర్జెయెవ్‌స్కీ వంటి మిడ్‌ఫీల్డర్లు ఉండి, బంతిని అడగకముందే అందించేవారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోకుండా 27 అనే అంకెను మాత్రమే చూసి హైదరాబాద్‌లో అతని నుంచి అద్భుతాలు ఆశించడం మన పొరపాటు.

ఆ సాయంత్రానికి మరో విశేషం కూడా ఉంది. ఏటీకే తరఫున ఆడిన ఫిజీ స్ట్రైకర్ రాయ్ కృష్ణ, 2018-19లో వెల్లింగ్టన్ ఫీనిక్స్ ఆటగాడిగా అదే ఏ-లీగ్‌లో గోల్డెన్ బూట్ గెలుచుకున్నాడు. అంటే ఆస్ట్రేలియా లీగ్‌లో వరుసగా రెండేళ్లు అందరికంటే ఎక్కువ గోల్స్ చేసిన ఇద్దరు, డిసెంబరు చలిలో, సగం ఖాళీ కుర్చీల మధ్య, మన గచ్చిబౌలిలో ఎదురెదురు నిలబడ్డారు. ఈ మాట నేను మామయ్యకు చెబితే ఆయన పల్లీల పొట్లం మీది నుంచి చూపు తిప్పకుండా, “గా లంబు ఉరుకుతనే లేడు గదరా?” అన్నాడు.

నిజమే, బోబో పరుగెత్తడం లేదు. కాసేపు బంతిని వదిలేసి అతన్నే చూశాను. బంతి మైదానం పక్క అంచుల వైపు వెళ్లినప్పుడల్లా డిఫెండర్ వీపు వెనక్కి రెండడుగులు జరిగేవాడు. డిఫెండర్ తల బంతి వైపు తిప్పిన మరుక్షణం అతని ముందుకు భుజం చొప్పించేవాడు. నాలుగుసార్లలో మూడుసార్లు బంతి వచ్చేదే కాదు. అప్పుడు చేతులు నడుము మీద పెట్టుకొని ఓసారి నేల చూసి, మళ్లీ ఆ రెండడుగులూ వెనక్కి. పంట లేని చేనులో కొడవలికి పదును పెట్టుకుంటున్న కూలీలా అనిపించాడు. తిరుమలగిరి మైదానాల్లో ఆడి పెరిగిన మామయ్య కూడా కాసేపటికి మాట మార్చాడు: “బంతి రాకుంటె ఆయనేం జేస్తడు తియ్.”

వచ్చిన బంతులను మాత్రం అతను వృథా చేయలేదు. మొదట రాయ్ కృష్ణ గోల్ కొడితే, 39వ నిమిషంలో బోబో సమం చేశాడు. 85వ నిమిషంలో రెండోది కొట్టినప్పుడు మా వరుసలో ఉన్న పదిమందీ లేచి నిలబడ్డాం. ముక్కూమొహం తెలియని ఒక కుర్రాడు మామయ్యను కావలించుకున్నాడు. ఆ సంబరం సద్దుమణగక ముందే రాయ్ కృష్ణ మళ్లీ గోల్ చేసి స్కోరును 2-2 చేశాడు. ఇద్దరికీ చెరో రెండు. తిరుగు దారిలో మామయ్య గోల్స్ గురించి కాకుండా మన డిఫెన్స్ గురించే రాయదుర్గం దాకా తిట్టుకుంటూ వచ్చాడు.

రెండు వారాల తర్వాత కొచ్చిలోనూ బోబోయే ముందుగా గోల్ చేశాడు. ఆ మ్యాచ్‌లో కేరళ బ్లాస్టర్స్ 5-1తో గెలిచింది. ఆ సీజన్‌లో హైదరాబాద్ 18 మ్యాచ్‌లు ఆడి, రెండే గెలిచి, 39 గోల్స్ సమర్పించుకొని, పది పాయింట్లతో అట్టడుగున నిలిచింది. ఆ ఒక్క సీజన్‌తో బోబో వెళ్లిపోయాడు.

2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్ గెలిచిన రాత్రి మామయ్య ఇంట్లోనే టీవీ చూశాం. అది 18 గోల్స్‌తో మన జట్టు ఆటగాడు ఓగ్బెచే లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచిన ఏడాది. ఆయనా ఎన్నో దేశాలు తిరిగిన నైజీరియా స్ట్రైకరే, కానీ ఆయనకు బంతి అందించే నేర్పు గల జట్టు దొరికింది. పెనాల్టీలు అయిపోయి, పటాకుల మోత మొదలయ్యాక మామయ్య నావైపు తిరిగి అడిగాడు: “గా లంబు గిప్పుడు ఏ ఊళ్లె ఆడుతున్నడురా?”