మా బోరు నీళ్లకు ఈస్ట్ చావలేదు

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు దేనిమీద చేస్తావని మేడం అడిగితే, ఆలోచించకుండానే ఫ్లోరైడ్ అన్నాను. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఊరు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్లు తాగి మా నాయినమ్మ కాళ్లు మోకాళ్ల దగ్గర విల్లులా వంగిపోయాయి. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మెడ తిరగదు, మనిషి మొత్తం తిరగాలి. ఇప్పుడు ఇంటి ముందు మిషన్ భగీరథ మంచినీళ్ల నల్లా ఉంది గానీ, అంతకుముందు తాగిందంతా ఆమె ఎముకల్లోనే ఉంది.

"ఎలుకల మీద చెయ్యాలంటే అనుమతులు కావాలి, డబ్బులు కావాలి. ఈస్ట్ మీద చూడు" అన్నారు మేడం.

కాస్త చిన్నబుచ్చుకున్న మాట నిజం. బన్ను పొంగించే ఈస్ట్‌తో నాయినమ్మ మోకాళ్ల సంగతి ఏం తెలుస్తుంది? కానీ చదువుతుంటే విషయం తెలిసింది. ఈస్ట్ ఒంటికణపు జీవే అయినా బాక్టీరియా లాంటిది కాదు. మన కణంలో ఉన్నట్టే దానికీ కేంద్రకం ఉంది, మైటోకాండ్రియా ఉంది. కేంద్రకమున్న జీవుల్లో మొట్టమొదట జన్యుక్రమం మొత్తం చదివింది దీనిదే, 1996లో. 16 క్రోమోజోములు, సుమారు 6,000 జన్యువులు. మంచి తిండి పెట్టి 30 డిగ్రీల్లో ఉంచితే గంటన్నరకోసారి రెట్టింపవుతుంది. ఎలుకల కోసం నెలలు ఆగాలి, దీనికి రెండు రోజులు చాలు.

మా బాపు తాళ్లెక్కి లొట్టిల్లో కల్లు దించుతాడు. సంగతి చెబితే, "గిదేంది బిడ్డా, లొట్టిల మడ్డిని సదువనీకి గన్ని ఫీజులు కట్టినమా?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. కడగని లొట్టిలో మిగిలిన ఈస్టే మర్నాటి నీరాను కల్లు చేస్తుంది. కణం ఎట్లా విభజన చెందుతుందో ఈస్ట్‌లో కనిపెట్టినందుకు హార్ట్‌వెల్‌కు 2001లో, కణం తన చెత్తను తానే ఎట్లా తింటుందో చూపినందుకు ఒసుమికి 2016లో నోబెల్ వచ్చిందని చెప్పాను. "గాళ్లు కల్లు తాగిన్రా మరి?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

గడియారం సెంటర్ దగ్గర బేకరీ సామాన్ల దుకాణంలో డ్రై ఈస్ట్ ప్యాకెట్ కొన్నాను. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, ప్లేటు మీద గీతలు గీసి, విడిగా వచ్చిన ఒక్క కాలనీని ఎత్తుకుని, ప్రాజెక్టంతా దాని సంతానంతోనే చేశాను. తిండి వైపీడీ: నూటికి 1 వంతు ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, 2 పెప్టోన్, 2 గ్లూకోజ్, గట్టిపడటానికి 2 అగార్. క్రిములు చావడానికి ఆవిరి పట్టే మా ఆటోక్లేవ్ గాస్కెట్ పోతే రెండు వారాలు వంటింటి ప్రెషర్ కుక్కర్‌తోనే నెట్టుకొచ్చాను.

అసలు తిప్పలు ఎండతో వచ్చాయి. ఏప్రిల్‌లో ఇంక్యుబేటర్‌ను 30కి పెడితే లోపలి థర్మామీటర్ 38 చూపించింది. ఆ పెట్టెకు వేడి చెయ్యడం వచ్చు గానీ చల్లబరచడం రాదు, గదే అంత వేడిగా ఉంటే అదేం చేస్తుంది? థర్మాకోల్ డబ్బాలో ప్లేట్లు పెట్టి, పక్కన ఫ్రిజ్ నీళ్ల సీసాలు పేర్చి, మూడు గంటలకోసారి మారుస్తూ కూర్చున్నాను. రాత్రిపూట కరెంటు పోతే అదో జాగారం.

పరీక్ష మాత్రం తేలికే. ఈస్ట్ నీళ్లను పదింతల చొప్పున పలచన చేసుకుంటూ పోయి ఐదు చుక్కలు వరుసగా పెట్టాలి. రెండు రోజులకు మొదటి చుక్క తోడుకున్న పెరుగులా గట్టిగా ఉంటుంది, చివరి చుక్కలో కాలనీలను వేలితో లెక్కపెట్టొచ్చు. ఒక ప్లేటు తిండిని డిస్టిల్డ్ వాటర్‌తో కలిపాను, ఇంకోటి ఊరి నుంచి తెచ్చిన బోరు నీళ్లతో.

రెండూ ఒక్కలాగే పెరిగాయి. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. మూడోసారి పైపెట్ పాడైందని అనుమానపడి పక్క ల్యాబ్‌ది అడిగి తెచ్చుకున్నాను. ఈస్ట్ మాత్రం హాయిగా ఉంది. నేనే ఏడుపు మొహం పెట్టుకుని మేడం దగ్గరికి వెళ్లాను.

"మిల్లీమోలార్‌లో ఎంతో లెక్క కట్టావా?" అన్నారు. కట్టలేదు. మిల్లీమోలార్ అంటే బరువు కాదు, లీటరులో ఎన్ని అయాన్లు ఉన్నాయో చెప్పే కొలత. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు కదా, మా బోరులో 5 ఉందనుకున్నా, ఫ్లోరైడ్ పరమాణు భారం 19తో భాగిస్తే 0.26 మిల్లీమోలార్. ఈస్ట్‌కు ఇబ్బంది మొదలయ్యేది పదుల మిల్లీమోలార్ల దగ్గర! నాయినమ్మ కాళ్లు వంచిన నీళ్లు దానికి లెక్కలోవి కావు.

ఎందుకో 2013 నాటి యేల్ యూనివర్సిటీ పరిశోధకుల పేపర్‌లో దొరికింది. ఈస్ట్ కణం పొరలో ఫ్లోరైడ్‌ను పట్టి బయటికి తోసే ప్రొటీన్ ఉంది, పేరు ఫెక్స్. దాని జన్యువులు రెండు, దాదాపు కవలలు. ఒకటి 15వ క్రోమోజోము మీద, ఇంకోటి 16వ దాని మీద. ఒకటి తీసేస్తే రెండోది కాపాడుతుంది. రెండూ తీసేస్తే, మామూలు ఈస్ట్ పట్టించుకోని కొద్దిపాటి ఫ్లోరైడ్‌కే పడిపోతుంది. శిలీంధ్రాల్లో, మొక్కల్లో ఈ కుటుంబం ఉంది, వెన్నెముక ఉన్న జంతువుల్లో లేదు. అంటే మనకు లేదు.

ఆ ఆదివారం ఇంటికెళ్లి ఇదంతా చెబితే నాయినమ్మ విని, "బ్రెడ్డుల పురుగుకిచ్చిండు, మాకియ్యలేదా దేవుడు" అని వక్క నములుకుంటూ కూర్చుంది.

ఆ రెండు జన్యువులూ లేని ఈస్ట్ తెప్పించాలంటే డబ్బు, టైము రెండూ లేవు. అందుకే దారి మార్చాం. ఫ్లోరైడ్ అయాన్‌గా ఉంటే పొర దాటడం కష్టం, ఆమ్లంలో హైడ్రోజన్‌తో జతకట్టి హెచ్ఎఫ్ అయితే సులువుగా దూరిపోతుంది. పులుపును కొలిచే పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.5లో అట్లా మారేది దాదాపు రెండు వేలలో ఒక వంతే, 4 దగ్గరికొస్తే ఎనిమిదో వంతు. కడుపులో ఆమ్లం ఉంటుంది కాబట్టి మనం తాగిన ఫ్లోరైడ్ కొంత అక్కడే ఒంట్లోకి ఎక్కుతుంది. సోడియం ఫ్లోరైడ్ డోసు మార్చకుండా మీడియం పులుపు పెంచుతూ పోవాలనుకున్నాను.

మొదటి బ్యాచ్ మొత్తం నేలపాలైంది. ముందే ఆమ్లం పోసి కుక్కర్‌లో పెడితే అగార్ విరిగిపోయి, పొద్దున్నకు ప్లేట్లలో రసంలా ఊగుతోంది. అగార్‌ను విడిగా ఉడికించి, చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక ఆమ్లం కలపాలని అప్పుడు తెలిసింది. ఫ్లోరైడ్ ద్రావణం కూడా గాజు సీసాలో పెట్టకూడదు, పులుపు తగిలితే గాజును తింటుంది.

ఈసారి తేడా వచ్చింది. 20 మిల్లీమోలార్ ఫ్లోరైడ్ ఉన్న మామూలు ప్లేటులో ఐదు చుక్కలూ ఉన్నాయి. అదే డోసు, పీహెచ్ 4: మొదటి చుక్క మసకగా, మిగతా చోటంతా ఖాళీ. ఫ్లోరైడ్ లేని పీహెచ్ 4 ప్లేటులో ఐదూ పెరిగాయి, అంటే చంపింది ఒక్క పులుపు కాదు. ఆ ప్లేటును వెలుతురుకు పట్టుకుని ఎంతసేపు చూశానో.

వైవాలో ఎక్స్‌టర్నల్ బోరు నీళ్ల ప్లేటు ఫోటో దగ్గర ఆగి, "ఇది ఫెయిలైన ప్రయోగం కదా, ఎందుకు పెట్టావు?" అన్నారు. దానివల్లే మిగతాదంతా వచ్చింది సార్ అన్నాను. పేజీ తిప్పారు. మార్కులు బాగానే పడ్డాయి.

మిగిలిన ఒక ఫ్లోరైడ్ ప్లేటు మీద బాపు లొట్టి అడుగు మడ్డిని గీశాను, ఊరికే. రెండు రోజులకు మీగడ రంగు కాలనీలు నిండుగా వచ్చాయి. ఫోటో పంపితే బాపు వాయిస్ మెసేజ్ పెట్టాడు: "మన తాటిచెట్టుది గదనే, ఊకెనే సస్తదా?"