ఆబ్జ్ తీసేసినా డిస్క్ ఖాళీ కాలేదా?

ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే నా మెషీన్‌లో ఉన్నది 64 జీబీ డిస్క్. చేసే పనికి సరిపోతోంది కాబట్టి మార్చే ఆలోచన లేదు. ముందే తయారుచేసి ఇచ్చే బైనరీ అప్‌డేట్లు వాడితే చోటు గురించి ఇంత ఆలోచించక్కర్లేదు కానీ, సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో ఏముండాలో, ఏముండకూడదో నేనే నిర్ణయించుకోవడం నాకిష్టం. అందుకే వెర్షన్ మారిన ప్రతిసారీ సోర్స్ కోడ్ నుంచే బిల్డ్ చేస్తాను.

ఈమధ్య ఒక స్నేహితుడు మెసేజ్ పెట్టాడు: "అప్‌గ్రేడ్ అయిపోయింది, ఆబ్జ్ డైరెక్టరీ మొత్తం తుడిచేశాను, అయినా ఖాళీ చోటు ఒక్క జీబీ కూడా పెరగలేదు, ఎక్కడికి పోయింది?" ఆబ్జ్ అంటే బిల్డ్ చేసేటప్పుడు తయారయ్యే ఫైళ్లు చేరే డైరెక్టరీ. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద సోర్స్ అప్‌గ్రేడ్ చేసేవాళ్లకి ఇది తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న.

అప్‌గ్రేడ్‌లో చోటు తినేవి ముఖ్యంగా రెండు. ఒకటి యూఎస్ఆర్ కింద ఉండే సోర్స్ చెట్టు. కోడ్ మార్పుల చరిత్ర దాచడానికి ఫ్రీబీఎస్‌డీ ప్రాజెక్టు 2020 చివర్లో సబ్‌వెర్షన్ నుంచి గిట్‌కి మారింది. మనకి పాత చరిత్ర అక్కర్లేదు, కావాల్సిన బ్రాంచ్ ఒక్కటే, డెప్త్ 1 ఇచ్చి క్లోన్ చేస్తే చాలు. రెండోది ఆబ్జ్. ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజా లాంటిది ఇది: పని నడిచినంతసేపూ కావాలి, తర్వాత అక్కర్లేదు, కానీ సోర్స్ కన్నా బాగా పెద్దది. కారణం ఎక్కువగా కంపైలరే, అంటే కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే క్లాంగ్. పెద్ద వెర్షన్ మారినప్పుడు బిల్డ్‌వరల్డ్ (కెర్నల్ కాక మిగతా బేస్ సిస్టమ్‌ని కట్టే ఆదేశం) ముందు కొత్త క్లాంగ్‌ని పని కోసం ఒకసారి తయారు చేసుకుంటుంది, ఆ తర్వాత ఇన్‌స్టాల్ చేయడానికి మళ్లీ ఒకసారి కడుతుంది. సిస్టమ్‌లో ఉన్న క్లాంగ్ సరిపోయేదైతే మొదటి విడత దానంతటదే ఆగిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇన్‌స్టాలర్ జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్ పెట్టేటప్పుడు సోర్స్‌కీ, పోర్ట్స్‌కీ (బయటి సాఫ్ట్‌వేర్‌ని కట్టుకునే చెట్టు) విడివిడిగా డేటాసెట్లు, అంటే పూల్‌లో వేరువేరు ఫైల్ సిస్టమ్‌లు ఇస్తుంది. ఆబ్జ్‌కి మాత్రం ఇవ్వదు. అంటే ఆబ్జ్ బూట్ ఎన్విరాన్‌మెంట్‌లో (అవసరమైతే వెనక్కి వెళ్లి బూట్ చేసుకోగల సిస్టమ్ కాపీ), రూట్ ఫైల్ సిస్టమ్‌తో పాటే ఉంటుంది. మనందరం ఏం చేస్తాం? బిల్డ్ అయ్యాక, ఇన్‌స్టాల్ మొదలుపెట్టే ముందు, ఎందుకైనా మంచిదని బీఈసీటీఎల్ అనే ఆదేశంతో ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్ తీసి పెట్టుకుంటాం. మంచి అలవాటే, నేనూ మానను. కానీ అది తీసేటప్పుడు జెడ్‌ఎఫ్‌ఎస్, రూట్ ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే ఒక స్నాప్‌షాట్‌గా పట్టుకుంటుంది. ఆ క్షణంలో ఆబ్జ్ నిండుగా ఉంది. తర్వాత ఎన్నిసార్లు తుడిచినా ఆ బ్లాకులన్నీ స్నాప్‌షాట్ పట్టుకునే ఉంటుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ లిస్ట్‌కి స్పేస్ ఆప్షన్ ఇచ్చి చూస్తే కథంతా అక్కడే కనిపిస్తుంది: రూట్ వరసలో యూజ్డ్‌డీఎస్ (ఇప్పుడున్న ఫైళ్ల చోటు) తగ్గి ఉంటుంది, పక్కన యూజ్డ్‌స్నాప్ (స్నాప్‌షాట్లు పట్టుకున్న చోటు) కాలమ్ దాదాపు అంతే పెరిగి ఉంటుంది. స్నేహితుడి స్క్రీన్‌షాట్‌లో కూడా అదే ఉంది.

అందుకని నేను ఆబ్జ్‌కి సొంత డేటాసెట్ పెట్టుకున్నాను. చేసే ముందు పాత ఆబ్జ్‌ని ఖాళీ చేయాలి, ఇది మర్చిపోకూడదు. లేకపోతే కొత్తది దాని మీద మౌంట్ అయిపోయి, పాత ఫైళ్లు కింద కనబడకుండా చోటు పట్టుకుని కూర్చుంటాయి. చోటు లెక్క చూపే డీయూకి కూడా దొరకవు. ఆ డేటాసెట్‌కి సింక్ (రాసింది డిస్క్‌కి చేరేదాకా ఆగడం) ఆపేస్తాను, పోయినా మళ్లీ బిల్డ్ చేసుకోగలిగిన సరుకే కదా. దానికో కోటా, అంటే ఇంతకు మించి చోటు వాడకూడదనే హద్దు కూడా పెడతాను. ఈ కోటా విలువ చాలామందికి తెలియదు. పని అయ్యాక లక్షల ఫైళ్లు ఒక్కొక్కటీ తుడిచే బదులు డేటాసెట్‌ని డిస్ట్రాయ్ చేసి మళ్లీ క్రియేట్ చేస్తే సరిపోతుంది.

కోటా ఎందుకంటే, బిల్డ్‌వరల్డ్ మధ్యలో చోటు అయిపోతే పెద్ద నష్టం లేదు. ఎర్రర్ వస్తుంది, చోటు చేసి మళ్లీ మొదలుపెడతాం. నడుస్తున్న సిస్టమ్ చెక్కుచెదరదు. నిజమైన టెన్షన్ ఇన్‌స్టాల్‌వరల్డ్ దగ్గర, అంటే కట్టినదాన్ని నడుస్తున్న సిస్టమ్‌లో పెట్టే దగ్గర. అక్కడ సగంలో చోటు అయిపోతే కొన్ని లైబ్రరీలు కొత్తవి, కొన్ని పాతవి కలగాపులగంగా మిగులుతాయి. ఆబ్జ్ తన కోటాలోనే ఆగితే రూట్‌కి కావాల్సిన చోటు రూట్‌కి మిగులుతుంది.

ఇంకో ఫైల్ సిస్టమ్ అయిన యూఎఫ్‌ఎస్ వాడేవాళ్లకి ఈ స్నాప్‌షాట్ గొడవ లేదు కానీ, అక్కడ డీఫాల్ట్‌గా 8 శాతం చోటు రూట్ యూజర్ (సిస్టమ్ అడ్మిన్) కోసం పక్కన పెట్టి ఉంటుంది. డిస్క్ వాడకం చూపే డీఎఫ్‌లో 100 శాతం దాటి కనిపించేది అందుకే. అది పని చేసుకోవడానికి ఇచ్చిన చోటు కాదు, దాని మీద ఆశ పెట్టుకుని ఇన్‌స్టాల్ మొదలుపెట్టొద్దు. ఆబ్జ్‌లో కొన్ని ఫైళ్ల మీద మార్చకుండా కాపాడే ఫ్లాగ్ ఉండొచ్చు, ఫైళ్లు తుడిచే ఆర్‌ఎం మొండికేస్తే ముందు సీహెచ్‌ఫ్లాగ్స్‌తో అది తీయాలి.

కెర్నల్ సంగతి. కొత్తది పెట్టేటప్పుడు పాతది బూట్ కింద కెర్నల్ డాట్ ఓల్డ్ అనే పేరుతో మిగులుతుంది, అంటే రెండు కెర్నళ్ల చోటు లెక్కేసుకోవాలి. నాకు అక్కర్లేని మాడ్యూల్స్ (కెర్నల్‌కి జతయ్యే విడి భాగాలు) కట్టకుండా మాడ్యూల్స్ ఓవర్‌రైడ్ అనే సెట్టింగ్ వాడతాను. బిల్డ్ సెట్టింగులు రాసే సోర్స్ కాన్ఫ్ ఫైల్లో కెర్నల్ సింబల్స్ వద్దని రాస్తే కెర్నల్ డీబగ్ ఫైళ్లు (తప్పు ఎక్కడుందో వెతకడానికి పనికొచ్చేవి) ఇన్‌స్టాల్ కావు. అయితే ఆ ఆప్షన్ బిల్డ్ మీద పనిచేయదు, ఇన్‌స్టాల్ మీదే. కాబట్టి ఆబ్జ్ తగ్గుతుందనుకోవద్దు, తగ్గేది రూట్‌లోనే. డీబగ్ ఫైల్స్ వద్దు అనేది వేరే ఆప్షన్, అది బిల్డ్‌నీ తేలిక చేస్తుంది. క్రాష్ అయితే కారణం వెతకాల్సిన మెషీన్‌లో మాత్రం ఈ రెండు ఆప్షన్లూ పెట్టకుండా డీబగ్ ఫైళ్లు ఉంచుకోండి.

ఇన్‌స్టాల్ అయ్యాక డిలీట్ ఓల్డ్ అనే ఆదేశం నడపడం చాలామంది వదిలేస్తారు, కొత్త వెర్షన్‌లో లేని పాత ఫైళ్లు అలాగే ఉండిపోతాయి. డిలీట్ ఓల్డ్ లిబ్స్ మాత్రం వెంటనే కాదు. మీ ప్యాకేజీలు ఇంకా పాత లైబ్రరీలనే అడుగుతుంటాయి. ముందు వాటిని కొత్త వెర్షన్‌కి మార్చుకోవాలి, ఆ తర్వాతే లైబ్రరీలు తీయాలి. నేను చివరిగా పాత బూట్ ఎన్విరాన్‌మెంట్‌ని తీసేస్తాను, అదీ కొత్త కెర్నల్ మీద బ్యాకప్‌లూ నెట్‌వర్కూ సరిగ్గా నడుస్తున్నాయని చూసుకున్నాకే.