డ్రాగన్ తోక మీద పాత మియాటా

పోయిన మార్చిలో 1999 మోడల్ మాజ్డా మియాటా కొన్నాను, టాప్ తెరుచుకునే రెండు సీట్ల చిన్న గేర్ల కారు. అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఉంటాం, ఇంటిల్లిపాదీ పట్టే పెద్ద బండి ఉండనే ఉంది, కానీ పన్నెండేళ్ళుగా ఆటోమేటిక్ నడిపి నడిపి ఎడమ కాలికి పనే లేకుండా పోయిందని నా బెంగ. వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ అడిగిన మొదటి మాట, "రెండే సీట్లా? మరి మేమొస్తే ఎక్కడ కూర్చోవాలిరా?"

అమ్మినాయన పెద్దవాడు, రసీదులన్నీ ఫైల్లో పెట్టి మరీ ఇచ్చాడు. 1,12,000 మైళ్ళు తిరిగిన బండి. రాత్రి కూర్చుని ఆ ఫైలంతా తిరగేస్తే టైమింగ్ బెల్ట్ రసీదు మాత్రం ఎక్కడా లేదు. ఇంజన్లో వాల్వుల్ని సమయానికి ఆడించే రబ్బరు పట్టీ అది, 60,000 మైళ్ళకోసారి మార్చాలి. ఈ ఇంజన్లో బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు కాబట్టి ఇంజన్ పాడవదు, నిజమే, కానీ ఫోన్ కూడా పలకని కొండల్లో తెగితే మన గతేంటి? మార్పించాను. ఎలాగూ ఆ కవర్లన్నీ విప్పుతారు కాబట్టి వాటర్ పంపు కూడా అప్పుడే వేయించాను.

టైర్లు చూడ్డానికి బాగానే ఉన్నాయి, గాడులు లోతుగా ఉన్నాయి. పక్కన చదివితే 2311 అని ఉంది, అంటే 2011లో 23వ వారంలో తయారైనవి. గోరుతో నొక్కితే రాయిలా ఉంది రబ్బరు. వాటినీ మార్పించాను. సీట్ల వెనక, సీటు బెల్టుల దగ్గర, టాప్ మీద పడ్డ వాన నీళ్ళు కిందికి దిగడానికి రెండు రంధ్రాలుంటాయి. అవి మూసుకుపోతే నీళ్ళు లోపలికి వచ్చి కార్పెట్ తడుస్తుంది, తర్వాత డోర్ల కింది రేకు తుప్పు పడుతుంది. గడ్డి కోసే మిషన్లో వాడే నైలాన్ తీగ దూర్చి కెలికితే గుప్పెడు పైన్ ఆకులొచ్చాయి. జార్జియా బండి కదా! గేర్‌బాక్స్ ఆయిల్ మార్చినా, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు మొండికేస్తూనే ఉంది. ఓ మైలు దాకా బతిమాలి వెయ్యాలి, అంతే. ఈ బండ్లన్నిటికీ ఆ జబ్బుంది.

మే నెలలో ఒక శనివారం ఒక్కడినే బయల్దేరాను. మా ఆవిడ "సాయంత్రానికి నువ్వొస్తావా, టో ట్రక్ వస్తుందా?" అంది. జార్జియాలోనే ఉన్న క్లీవ్‌లాండ్ దగ్గర యూఎస్ 129 ఎక్కితే అదే రోడ్డు నీల్స్ గ్యాప్ దాటి, బ్లెయిర్స్‌విల్, మర్ఫీ, రాబిన్స్‌విల్ మీదుగా డీల్స్ గ్యాప్ దాకా తీసుకెళ్తుంది. అక్కడ నార్త్ కరోలినా అయిపోయి టెన్నెసీ మొదలయ్యే చోట నుంచి 11 మైళ్ళలో 318 మలుపులు. టెయిల్ ఆఫ్ ద డ్రాగన్ అంటారు. మధ్యలో ఒక్క అడ్డరోడ్డు లేదు, ఒక్క ఇల్లూ లేదు.

స్పీడ్ లిమిట్ గంటకు 30 మైళ్ళు. ఈ బండికున్నది 140 గుర్రాల బలం, హైవే మీద పిల్లల్ని స్కూల్లో దింపడానికెళ్ళే వ్యాన్లు కూడా దాటేసి పోతాయి. కానీ అక్కడ రెండు, మూడు గేర్ల మధ్యే ఉండి, బ్రేకుల్ని పెద్దగా వాడకుండా గేరుతోనే అదుపు చేసుకుంటూ పోతుంటే, నెలన్నర గ్యారేజీలో దాని కింద దూరి తెలుసుకోలేనిది ఆ అరగంటలో తెలిసింది. స్టీరింగ్‌లోంచి రోడ్డు మీది గరుకుదనం చేతికి తెలుస్తుంది, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ తటాలున వదిలేస్తే వెనక భాగం కొంచెం తేలికవుతుంది, ఆ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు మాత్రం గుండె జారింది. వెనక బైకులు చేరితే పక్కకు తీసి దారిచ్చాను. మలుపుల దగ్గర కుర్చీలేసుకుని ఫొటోలు తీసి అమ్ముకునేవాళ్ళున్నారు. నా ఫొటో కూడా కొన్నాను, అందులో నోరు తెరుచుకుని ఉన్నాను.

తిరుగు ప్రయాణంలో రాబిన్స్‌విల్‌లో పెట్రోలు కొట్టించుకుని, గేరు వేద్దామని క్లచ్ తొక్కితే పెడల్ నేలకంటుకుంది. కాలి వేళ్ళతో పైకి లాగితే వచ్చింది. ఒక్కసారి చెమట పట్టేసింది. బానెట్ ఎత్తి చూస్తే క్లచ్ ఫ్లూయిడ్ డబ్బా అడుగంటింది. వంగి కిందికి చూస్తే గేర్‌బాక్స్ పక్కన, పెడల్ తొక్కితే ఆ ఫ్లూయిడ్ ఒత్తిడితో క్లచ్‌ని నెట్టే స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగంతా తడి. ఏళ్ళ తరబడి షెడ్డులో కూర్చున్న బండిని తెచ్చి ఒక్క పూటలో కొన్ని వందలసార్లు క్లచ్ తొక్కితే పాత సీలు ఎన్నాళ్ళాగుతుంది? కొనేటప్పుడు ఆ తొడుగు ఒక్కసారి ఎత్తి చూసుంటే తెలిసేది, చూడలేదు.

షాపులో డాట్ 3 ఫ్లూయిడ్ సీసా కొని నింపాను. కంగారులో ఫెండర్ మీద ఒలికింది, ఆ ద్రవం పెయింటును తినేస్తుంది కాబట్టి తాగే నీళ్ళన్నీ దాని మీదే పోసి కడిగాను. పెడల్‌ని ఇరవైసార్లు కొడితే కాస్త బిగువొచ్చింది. ఇక అక్కణ్ణుంచి ఇంటిదాకా క్లచ్‌ని వీలైనంత తక్కువ తొక్కుతూ, ఎర్ర లైటు కనబడితే దూరం నుంచే నెమ్మదిస్తూ, అరగంటకోసారి ఆగి ఫ్లూయిడ్ చూసుకుంటూ, రెండున్నర గంటల దారి నాలుగు గంటలు నడిపాను. టో ట్రక్కులో మాత్రం రాలేదు.

పై శనివారం కొత్త సిలిండర్ బిగించాను. క్లచ్ ఫ్లూయిడ్‌లో చేరిన గాలి తీయడానికి పెడల్ తొక్కే మనిషి కావాలి కదా, మా ఆవిడని కూర్చోబెట్టాను. నేను కింద పడుకుని "తొక్కి పట్టుకో... ఆఁ, వదులు" అంటుంటే, ముప్ఫైసార్లు తొక్కాక పైనుంచి గొంతు వినబడింది, "ఈ సీటు ముందుకు ఎలా జరపాలి?"