కంపెనీ చూపించిన థాయ్‌లాండ్, మేము చూసిన థాయ్‌లాండ్

అమ్మకాల లక్ష్యాన్ని దాటిన వారిని కంపెనీ ఖర్చుతో విదేశయాత్రకు తీసుకువెళతామని ఏడాది మొదట్లో ప్రకటించారు. ఏడాది చివర ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. టికెట్టుకు గానీ గదికి గానీ మా జేబులోంచి రూపాయి పోలేదు గనుక ఫిర్యాదు చేసే హక్కు మాకు లేదనేవారు ఉండవచ్చు. అయితే ఎక్కడికి వెళ్ళాలో, ఎప్పుడు నిద్ర లేవాలో, ఎవరి గురక వింటూ పడుకోవాలో, ఏ రంగు టీషర్టు తొడుక్కోవాలో అన్నీ మరొకరు నిర్ణయించిన ప్రయాణాన్ని సెలవు అనడానికి నాకు నోరు రాదు. అది ఊరు మార్చి పెట్టిన మీటింగు. ఆ మీటింగులో కాస్త విహారం దొరికిందంటే, అది నాతో వచ్చిన ముగ్గురు మిత్రుల పుణ్యమే: వసూళ్ళ విభాగంలో పనిచేసే అన్న, సర్వీసు విభాగం నుంచి వచ్చిన, మేమందరం అక్క అని పిలిచే సహోద్యోగిని, అమ్మకాల్లో నా పక్క టెరిటరీ చూసుకునే, వరుస కలవకపోయినా నేను బాబాయ్ అనే స్నేహితుడు.

రాత్రంతా విమానంలో కూర్చోబెట్టి తెల్లవారుజామున బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయంలో దింపారు. హోటల్ గదులు మధ్యాహ్నానికి గానీ ఇవ్వరు కాబట్టి, పళ్ళు తోముకోవడానికి కూడా వ్యవధి లేకుండా బస్సెక్కించి సుమారు 120 కిలోమీటర్ల దూరంలోని పటాయాకు తీసుకుపోయారు. అక్కడ లాబీలో సూట్‌కేసులకు ఆనుకుని కూర్చున్న మా గుంపును చూస్తే బహుమతి పొందినవారని ఎవరూ అనుకోరు. మరునాడు తీరానికి దాదాపు 7 కిలోమీటర్ల దూరంలో ఉన్న కో లార్న్ ద్వీపానికి స్పీడుబోట్లలో తీసుకువెళ్ళారు. నీళ్ళు నిజంగానే అందంగా ఉన్నాయి. ఆ అందాన్ని చూసిన సమయం కన్నా తలలు లెక్కపెట్టించుకోవడానికి వరుసలో నిలబడ్డ సమయమే ఎక్కువ.

అసలు దెబ్బ ఆ సాయంత్రం తగిలింది. సన్మాన సభ అని పిలిచి, చేతికి జ్ఞాపిక ఇచ్చి, ఫోటో తీసి, మేము కుర్చీల్లో సర్దుకునేలోపే తెర మీద వచ్చే ఏడాది టార్గెట్లు వేశారు. ఇంత శ్రమపడి దాటిన అంకె కొత్త ఏడాదికి మొదటి మెట్టయిపోయింది. ఇటువంటి యాత్రలు వేసేవారు ఒక్కటి గమనించాలని నా మనవి: టార్గెట్ చెప్పడానికి ఆఫీసు ఉంది, దానికి సముద్రం దాటించనక్కరలేదు. హాలంతా మౌనంగా ఉన్నప్పుడు బాబాయ్ నా చెవి దగ్గర వంగి, "తిరుగు టికెట్టు కూడా టార్గెట్ మీదే ఇస్తారేమో కనుక్కో" అన్నాడు. ఆ తరువాత నవ్వు ఆపుకోవడానికి నేను పడిన అవస్థను పెద్దలు భావోద్వేగమనుకున్నట్టున్నారు.

ఇక రత్నాల దుకాణం. తలకు ఇంత అని తక్కువ ధరకు యాత్ర ఒప్పుకునే ఆపరేటర్లు ఆ లోటును దుకాణాలు ఇచ్చే కమిషన్‌తో పూడ్చుకోవడం ఈ వ్యాపారంలో తెలిసిన సంగతే. అందువల్ల గుడి దగ్గర ఆగని బస్సు దుకాణం దగ్గర మాత్రం తీరిగ్గా ఆగుతుంది. థాయ్‌లాండ్ కెంపులకూ నీలాలకూ పేరున్న దేశమే, చాంతబురి ప్రాంతంలో రాళ్ళను వేడిచేసి రంగు తేల్చి సానపట్టే పనివారి నైపుణ్యం గొప్పదే, కానీ మా గుంపులో ఆ ఉదయం కెంపు కొనాలని లేచిన మనిషి ఒక్కరూ లేరు. అందరూ ముఖాలు మాడ్చుకుని లోపలికి నడుస్తుంటే, అక్క మమ్మల్ని పక్కకు పిలిచి, "మనం కొనడానికి రాలేదు, వీళ్ళు ఎలా అమ్ముతారో చూడడానికి వచ్చామనుకుందాం" అంది. ఆ ఒక్క మాటతో ఆ దుకాణం మాకు పాఠశాల అయింది. ముందు భూగర్భంలో రాళ్ళు ఎలా పుడతాయో చూపించి మనసు మెత్తబరచడం, తరువాత పనివారిని చూపించి ధరకు కారణం సిద్ధం చేయడం, ఆపైన అతి ఖరీదైన నగల దగ్గరికి తీసుకుపోయి, చివరికి బయటికి దారితీసే చోట చిన్న ఉంగరాలు పెట్టడం చూసి బాబాయ్ చేతులెత్తి దండం పెట్టాడు. అంత ఖరీదు చూసి వచ్చిన కంటికి ఆ ఉంగరం చవకగానే కనిపిస్తుంది. అతని వెంటపడ్డ అమ్మకపు అమ్మాయి ఎన్ని రకాలుగా ఒప్పించబోయినా, అతడు అన్నిరకాలుగానూ అభ్యంతరాలు లేవనెత్తి, ప్రతిసారీ ఆమె ఇచ్చిన జవాబును ఫోనులో రాసుకున్నాడు. చివరికి ఆమెకు విషయం అర్థమై, తన నెలవారీ టార్గెట్ ఎంతో చెప్పి నిట్టూర్చింది. అది విని అన్న ఆమె దగ్గర ఒక కీచైను కొన్నాడు. వసూళ్ళ మనిషి చేతి నుంచి డబ్బు బయటికి రావడం మేము అంతకు ముందెన్నడూ చూడలేదు.

బ్యాంకాక్ నగర దర్శనమంటే ట్రాఫిక్ దర్శనమే. దిగనిచ్చిన కొద్ది చోట్లలో వాట్ త్రైమిత్ అనే బౌద్ధాలయం ఒకటి. అక్కడి 5.5 టన్నుల బంగారు బుద్ధుణ్ణి ఎంతో కాలం సున్నపు విగ్రహమనుకున్నారట. 1955లో తరలిస్తుండగా పూత పగిలి లోపలి బంగారం బయటపడింది. "మన ట్రిప్పు దీనికి తిరగేసి ఉంది, బంగారు పూత పైన, సున్నం లోపల" అని అక్క అనగానే గైడు కూడా, అర్థం కాకపోయినా, మాతోపాటు నవ్వాడు.

ఒక మధ్యాహ్నం షాపింగ్ మాల్ ముందు దింపి, స్వేచ్ఛగా తిరగమని వదిలారు. మేము నలుగురం స్వేచ్ఛ అన్న మాటను అక్షరాలా తీసుకుని మెట్రో ఎక్కాం. 2019లో తెరిచిన సనమ్ చై స్టేషన్‌లో దిగాము. పాతకాలపు రాజమందిరంలా స్తంభాలూ పైకప్పూ అలంకరించిన ఆ స్టేషనే ఒక దర్శనీయ స్థలం. అక్కడికి దగ్గరలోనే వాట్ ఫో, అందులో 46 మీటర్ల పొడవున శయనించిన బుద్ధుడు. విగ్రహం వెనుక వరుసగా 108 కంచు పాత్రలుంటాయి, చిల్లర నాణేలు తీసుకుని ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోతారు. అన్న మా వెనుక నడుస్తూ, ఎవరు ఏ పాత్రను వదిలేశారో, ఎవరు రెండు నాణేలు వేశారో చెబుతూ వచ్చాడు. చివరి పాత్రల దగ్గర బాబాయ్ చిల్లర అయిపోతే, తన నాణేలు అప్పుగా ఇచ్చి గడువు కూడా పెట్టాడు. తరువాత పడవలో చావో ఫ్రాయా నది దాటి వాట్ అరుణ్‌కు వెళ్ళి, పింగాణీ ముక్కలు పొదిగిన ఆ గోపురం ముందు చీకటి పడేదాకా కూర్చున్నాము. ఎవరూ మమ్మల్ని లెక్కపెట్టలేదు.

తిరుగు ప్రయాణంలో ఇమ్మిగ్రేషన్ దాటాక, సువర్ణభూమిలో క్షీరసాగర మథనం శిల్పం ఎదురైంది: వాసుకికి ఒక వైపు దేవతలు, మరో వైపు రాక్షసులు, పైన విష్ణుమూర్తి. విషం కక్కే తల వైపు సేల్స్ విభాగమేనని మేము వెంటనే తీర్మానించాము. హాలాహలం సంగతి హాలులోనే తేలిపోయింది. అమృతం ఎవరికి పోతుందన్న దాని మీద వాదన నడుస్తుండగా మా మేనేజరు గారు వచ్చి, ఫోను నా చేతికిచ్చి, ఒక ఫోటో తీయమని, తిన్నగా దేవతల వైపు వెళ్ళి నిలబడ్డారు.