ఫేర్‌వెల్ వాళ్ళది, ఏడుపు నాది
నిన్న మా అమ్మాయి పదో తరగతి ఫేర్‌వెల్‌కి వెళ్ళా, నాలుగు ఫొటోలు తీసి వచ్చేద్దామని. ఇంతలో స్పీకర్లో ‘ఎక్కడో పుట్టి ఎక్కడో పెరిగి’ మొదలైంది. ‘స్టూడెంట్ నంబర్ 1’ వచ్చింది 2001లో, అప్పటికి వీళ్ళు పుట్టనే లేదు, అయినా చంద్రబోస్ రాసిన ఒక్కో లైనూ గొంతు చించుకుని పాడేస్తున్నారు! కీరవాణి ట్యూన్ మహిమ అనుకోండి. నాకేమో డిగ్రీ చివరి రోజు, తెల్ల చొక్కా మీద స్కెచ్ పెన్నుతో అందరి చేతా పేర్లు రాయించుకుని, ఉతికితే పోతాయని అమ్మకి దొరక్కుండా ట్రంకు పెట్టె అడుగున దాచడం గుర్తొచ్చింది. అప్పుడు వాట్సాప్ లేదు కదా, నిజంగానే విడిపోయాం.

‘హ్యాపీ డేస్’లోని ‘ఓ మై ఫ్రెండ్’ వేసేసరికి ఇక నావల్ల కాలేదు.

"నాన్నా, అందరూ చూస్తున్నారు, కళ్ళు తుడుచుకో" అని కర్చీఫ్ ఇచ్చి, మళ్ళీ రీల్ తీసుకోవడానికి పరిగెత్తింది.