మిద్దె మీది వాల్వు

రెండేళ్ల క్రితం చలికాలంలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు మా స్నానాలగది కొళాయి పిడి నా చేతిలోకి ఊడి వచ్చింది. కొన్ని నెలలుగా అది గట్టిగా బిగిస్తే తప్ప ఆగని కొళాయి. ఆ రాత్రి ఇంకాస్త గట్టిగా బిగించాను. పిడితోపాటు లోపలి కడ్డీ కూడా బయటికి వచ్చి, ఆ వెనుక నుంచి నీళ్లు ఎదుటి గోడకు తగిలేంత జోరుగా చిమ్మసాగాయి. నేను మొదట అరచేతితో ఆ రంధ్రాన్ని మూశాను. తరువాత రెండో చేత్తో గూట్లో ఉన్న ఫోను అందుకొని ప్లంబరుకు చేశాను. అతడు ఎత్తలేదు. మా వారు ఉద్యోగరీత్యా గుంతకల్లులో ఉంటారు. ఆయనకు చేస్తే "వాల్వు కట్టేయి" అన్నారు. ఏ వాల్వు, ఎక్కడుంది అని అడిగితే ఆయనకూ తెలియదు. అప్పటికి ఆ ఇంట్లో పదేళ్లుగా కాపురం ఉంటున్నాము.

నా అరుపులు విని పక్కింటి ఖాలా వచ్చింది. ఆమెకు అరవై దాటాయి. తలుపు దగ్గర నిలబడి ఒక్క క్షణం చూసి, "టీచరమ్మా, చేత్తో మూస్తే ట్యాంకు నీళ్లు ఆగుతాయా? మిద్దె మీదికి పా" అని, తన ఇంటికి వెళ్లి పైపు పానా తెచ్చుకొని, చీకట్లో నా కంటే ముందే మెట్లెక్కింది. ట్యాంకు వెనుక, పాత ఇటుకల చాటున, మూడు వాల్వులున్నాయి. స్నానాలగదికి వెళ్లే పైపు వాల్వు ఉప్పు పట్టి బిగుసుకుపోయింది. ఆమె దానిని పానాతో రెండు మూడు సార్లు మెల్లగా తట్టి, కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు తిప్పుతూ ఒప్పించి కట్టేసింది. భర్త కువైట్‌లో పనిచేసిన ఏళ్లన్నీ ఆ ఇంటి మోటారు, కొళాయిలు, ఫ్యూజులు తానే చూసుకున్నదట. "నెలకొకసారి తిప్పి వదలాల. లేకుంటే అవి కూడా మనిషి మాదిరే బిగుసుకుంటాయి" అన్నది. దిగి వచ్చేసరికి ముందు గది గడప దాకా నీళ్లు నిలిచి ఉన్నాయి.

నేను డిగ్రీ కళాశాలలో తెలుగు పాఠం చెబుతాను. నీటికి పదిహేను పర్యాయపదాలు తడుముకోకుండా చెప్పగలను. మరునాడు మా కర్నూలు పాతబస్తీలోని హార్డ్‌వేర్ దుకాణంలో "కొళాయి కావాలి" అన్నప్పుడు ఆ పదిహేనింటిలో ఒక్కటీ అక్కరకు రాలేదు. "బిబ్ కాక్ కావాల్నా, పిల్లర్ కాక్ కావాల్నా మేడమ్? షార్ట్ బాడీనా, లాంగ్ బాడీనా? అరంగుళమా, ముప్పావా?" అని దుకాణం భాయ్ అడిగాడు. నా వెనుక ఇద్దరు మేస్త్రీలు నిలబడి ఉన్నారు. నలభై అయిదేళ్ల వయసులో, తరగతి గదిలో ఇతరుల తప్పులు దిద్దే అలవాటున్న మనిషికి, అక్కడ నిలబడి "నాకు తెలియదు" అనడం పానా పట్టడం కంటే కష్టమైన పని. ఆ మాట అన్న తరువాత మాత్రం ఆ భాయ్ ఎంతో ఓపికగా చెప్పాడు. గోడకు ఉండేది బిబ్ కాక్, వాష్ బేసిన్ మీద నిలబడేది పిల్లర్ కాక్, గోడకు దూరంగా నీళ్లు పడాలంటే లాంగ్ బాడీ, ఇళ్లలో కొళాయికి సాధారణంగా అరంగుళం, డబ్బా మీద అదే పదిహేను మిల్లీమీటర్లని రాసి ఉంటుంది. చివరగా అతడు, పాతది విప్పి సంచిలో వేసుకొని వస్తే పేరు తెలియవలసిన అవసరమే లేదని చెప్పాడు. ఇప్పటికీ నేను అదే చేస్తాను. నా చేతిసంచిలో తరగతి పుస్తకాలతో పాటు తుప్పు పట్టిన నిపుల్, అంటే పైపులను కలిపే మర ముక్క, ఏదో ఒకటి ఉంటుంది.

ఆ ఆదివారం మిద్దె మీదికి సుద్దముక్క తీసుకొని వెళ్లాను. బోరు నుంచి, కార్పొరేషన్ పైపు నుంచి నీళ్లు సంపులోకి ఎలా వస్తున్నాయో, సంపు నుంచి మోటారు పైపు ఏ గోడ వెంట పైకి పోతున్నదో, ట్యాంకు నుంచి దిగే మూడు పైపులు ఎటెటు వెళ్తున్నాయో చేత్తో తడుముతూ చూశాను. ఒక్కొక్క వాల్వు కట్టేసి, కిందికి దిగి, ఏ కొళాయి ఆగిందో చూసి, మళ్లీ పైకెక్కి గోడ మీద "వంట", "స్నానం", "పెరడు" అని రాశాను. మూడు గంటలు పట్టింది, మోకాళ్లు నొప్పి పుట్టాయి. కొత్తగా ఇంటి పనులు నేర్చుకోదలచిన వారెవరైనా అడిగితే, మొదట ఏ పనిముట్టూ కొనకుండా ఈ పని ఒక్కటి చేయమంటాను.

కొళాయి మార్చడం నాలుగో ప్రయత్నంలో వచ్చింది. మొదటిసారి మర మీద తెల్లని టెఫ్లాన్ టేపును తిరగదిక్కున చుట్టాను. కొళాయి గోడలోకి బిగుస్తూ ఉంటే టేపు విడిపోయి అంచు దగ్గర ముద్దలా పోగుపడింది, నీళ్లు వదలగానే చెమ్మ ఊరింది. మర కొసను మన ముఖానికి ఎదురుగా పట్టుకొని చూస్తే గడియారపు ముల్లు తిరిగే వైపుకే టేపు చుట్టాలి. టేపును కాస్త లాగి పట్టి, పలుచగా, పది పన్నెండు చుట్లు చుట్టితే, బిగించే కొద్దీ అది మరలోకి ఇంకా దిగుతుంది. ఇంకొక చిక్కు ఉన్నది. బిగించిన తరువాత కొళాయి నోరు సరిగా కిందికి రాకపోతే వెనక్కు తిప్పి సరిచేయాలనిపిస్తుంది. అలా తిప్పితే టేపు పట్టు వదులుతుంది. ముందుకే తిప్పి సరిచేయాలి, అది కుదరకపోతే విప్పి కొత్త టేపు చుట్టాలి. ఆ రోజు నేను మూడు సార్లు విప్పాను. నాలుగోసారి కొళాయి కింద పొడి కాగితం పరిచి, గంట తరువాత వచ్చి చూస్తే కాగితం పొడిగానే ఉన్నది. ఆ కాగితాన్ని ఎందుకో పారవేయబుద్ధి కాలేదు.

పెరటి కొళాయి సెకనుకొక చుక్క చొప్పున కారుతూ ఉండేది. దాని కింద చెంబు పెట్టి గంటసేపు పట్టి కొలిస్తే ఇంచుమించు లీటరు వచ్చింది. రోజుకు ఇరవై నాలుగు లీటర్లు, నెలకు ఏడు వందల పైచిలుకు. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకరు కోసం బిందెలతో నిలబడిన వీధిలో ఉంటూ, ఏడాదిగా ఆ కొళాయికి గుడ్డ పేలిక కట్టి ఊరుకున్నాను. అది పాతకాలపు మర కొళాయి. లోపల ఒక రబ్బరు వాషరు అరిగిపోయింది. మార్చడానికి పది నిమిషాలు పట్టింది. కొత్తరకం పావు తిప్పు కొళాయిల్లో వాషరుకు బదులు పింగాణీ పలకలుండే కార్ట్రిడ్జి ఉంటుంది. అది పాడైతే మొత్తం ఆ ముక్కనే మార్చాలి.

మా బోరు నీళ్లకు ఉప్పు ఎక్కువ. షవరు రంధ్రాలు, కొళాయి జాలీలు ఏడాది తిరక్కుండా తెల్లగా మూసుకుపోతాయి. ఆ తెల్లని పూత చాలావరకు సున్నపురాయి పదార్థమే, కాల్షియం కార్బొనేట్. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పును రెండు చెంచాలు గోరువెచ్చని నీళ్లలో కలిపి జాలీని అందులో వేస్తే సన్నని బుడగలు లేస్తూ, ఆ పూత అరగంటలో మెత్తబడి ఊడిపోయింది. ఆ బుడగలను చూస్తూ పిల్లలా కూర్చున్నాను. ఆ ఉత్సాహంలో గిన్నె ఎత్తబోయి ముందు గది నేల మీద ఒలికించాను, తరువాత తుడవవచ్చునని జాలీ బిగించడానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి బండ మీద విస్తరాకంత మేర నునుపు పోయి, బూడిదరంగు మచ్చ తేలింది.

మా నేల బేతంచెర్ల బండలు. అవి కూడా సున్నపురాయే. జాలీలోని పూతను కరిగించిన పులుపు, ఏ తేడా చూపకుండా, బండ నునుపునూ కరిగించింది. ఇంతటి తేలిక విషయం నాకెందుకు తట్టలేదో తెలియదు. నీళ్లు సున్నపురాయిని కరిగించడం వల్లనే మూడు కిలోమీటర్లకు పైగా పొడవైన బెలుం గుహలు ఏర్పడ్డాయని విహారయాత్రలో విద్యార్థులకు చెప్పిన దానిని నేనే. మా వైపు చాలా ఇళ్లలో బేతంచెర్ల బండలనో కడప బండలనో పండుగ ముందర యాసిడ్‌తో కడుగుతారు. నురగ వస్తే మురికి పోతున్నదని అనుకుంటారు, నిజానికి అక్కడ బండే పోతున్నది. సబ్బునీళ్లు చాలు. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఒకదానితో ఒకటి కలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరిన్ వాయువు వెలువడుతుంది కాబట్టి, ఆ రెండింటినీ మా ఇంట్లో ఒకే అరలో కూడా పెట్టను. మచ్చ మీద ప్రస్తుతం కుర్చీ వేసి ఉన్నది.

మా పడకగది గోడకు అడుగు ఎత్తున చెమ్మ ఉండేది. రంగు వేసిన ఆరు నెలలకు పెచ్చులు లేచేది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి పాతబస్తీ మునిగినప్పుడు ఈ ఇంట్లోకీ నీళ్లు వచ్చాయి. మేము దీనిని 2014లో కొన్నాము. ఎవరిని అడిగినా "అది వరద నాటి చెమ్మ" అనేవారు. మేమూ అదే నమ్మి మూడు సార్లు రంగు వేయించాము. వరద ఈ ఊళ్లో ఎంత పెద్ద జ్ఞాపకమంటే, ఏ గోడ తడిసినా దాని మీదికే పోతుంది.

వాల్వులు తెలిసిన తరువాత ఆ నమ్మకాన్ని పరీక్షించవచ్చునని తోచింది. ఒక రాత్రి కొళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులోకి ఒక కర్ర దించి తడి ఎంత వరకు అంటిందో గీత గీశాను. తెల్లవారి చూస్తే నీటిమట్టం రెండు అంగుళాలు దిగింది. ట్యాంకు వెడల్పును బట్టి లెక్క కడితే నలభై లీటర్లకు పైమాటే. ఎవరూ వాడని రాత్రి నలభై లీటర్లు ఎటు పోయినట్లు? మరునాటి రాత్రి వంటింటి వాల్వు కట్టేశాను, మట్టం మళ్లీ దిగింది. మూడో రాత్రి పెరటిది కట్టేసినా అంతే. నాలుగో రాత్రి స్నానాలగది వాల్వు కట్టేసి పడుకున్నాను. ఉదయం కర్ర మీద గీత ఉన్న చోటనే ఉన్నది. పడకగది చెమ్మ గోడకు అవతలి వైపు స్నానాలగది. ప్లంబరు వచ్చి, చెమ్మ అన్నిటికంటే ఎక్కువగా ఉన్న చోట నాలుగు టైల్సు మాత్రమే పగలగొట్టాడు. లోపల ఇనుప పైపు ఎల్బో అనే మలుపు ముక్క దగ్గర తుప్పు తిని సూదిమొనంత బెజ్జం పడి ఉన్నది. ఆ పైపు మార్చే పని నేను చేయలేదు, చేయగలనని అనుకోనూ లేదు. కానీ గోడంతా పగలగొట్టకుండా ఆపగలిగాను. తరువాత గోడను వేసవి నాలుగు నెలలు అలాగే ఎండనిచ్చి, పెచ్చులు గీకించి, అప్పుడు సున్నం కొట్టించాను.

కరెంటు విషయంలో నా హద్దు చాలా దగ్గరలోనే గీసుకున్నాను. పాత పింగాణీ ఫ్యూజులో ఎవరో ఫ్యూజు తీగకు బదులు లావు రాగి తీగ కట్టి ఉంచారని ఎలక్ట్రీషియన్ చూపించినప్పుడు ఒళ్లు జలదరించింది. ఆ తీగ కరగదు, కనుక దాని కంటే ముందు గోడలోని వైరు కాలుతుంది. ఆయన చేత కరెంటు భారం మించితే వాటంతటవే పడిపోయే ఎంసీబీ స్విచ్చులు, కరెంటు బయటికి లీకైతే పడిపోయే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు పెట్టించాను. నా పని ఆర్‌సీసీబీ టెస్టు మీటను అప్పుడప్పుడు నొక్కి పడిపోతున్నదో లేదో చూడడం, ఎంసీబీ పడితే మళ్లీ మళ్లీ ఎత్తకుండా, వస్తువులన్నీ పీకి ఒక్కొక్కటే పెడుతూ దోషి ఏదో కనిపెట్టడం. మా ఇంట్లో దోషి ఇస్త్రీపెట్టె. బల్బు హోల్డరు మార్చవలసి వస్తే, మెయిను దించిన తరువాత కూడా టెస్టరు పెట్టి చూస్తాను. మెయిను దించక ముందే ఆ టెస్టరు వెలుగుతున్నదో లేదో చూసుకుంటాను. పాడైన టెస్టరు కరెంటు లేదనే చెబుతుంది కదా. అంతకు మించి బోర్డు విప్పను.

ఇప్పుడు రోహిణి కార్తె నడుస్తున్నది. మా అమ్మమ్మ వాళ్లది ఆదోని వైపు పల్లె, మట్టి మిద్దె. వానలకు ముందు ఈ రోజుల్లోనే బండ్లతో చౌడు తోలించి మిద్దె మీద పరిపించేవారు. చౌడు తడిస్తే బిర్రబిగిసి నీటిని కిందికి దిగనీయదు. మాది సిమెంటు మిద్దె కనుక ఆ పని లేదు. ఆకులు, పావురాల ఈకలు తీసి, నీళ్లు పోయే తూము నోళ్లు శుభ్రం చేసి, సాయంత్రం ఎండ తగ్గిన తరువాత నాలుగు మూలలా నాలుగు బకెట్లు పోసి చూశాను. మూడు చోట్ల నీళ్లు తూముకు చేరాయి. ఈశాన్య మూల మాత్రం పళ్లెమంత గుంటలో నిలిచిపోయాయి. గుంట చుట్టూ సుద్దతో గీత గీసి, ఫోటో తీసి మేస్త్రీకి పంపాను. మృగశిర లోపల వస్తానన్నాడు. ఖాలా ఆ ఫోటో చూసి, ఏ సంవత్సరం మృగశిరో అడిగినావా అన్నది.