పడుకోబెట్టాలా, ఆపేయాలా: వాట్ మీటరుతో ఆరు వారాలు

నా డెస్క్‌టాప్‌ని నేను షట్‌డౌన్ చేయను. పని అయిపోగానే స్లీప్‌లో పెట్టి లేచిపోతాను. పదిహేను ట్యాబులు, సగం రాసిన ఫైలు, మధ్యలో ఆపిన వీడియో పొద్దున్నే ఎక్కడివక్కడ ఉండాలి నాకు. కేబినెట్ మీద మినుకుమినుకుమనే ఆ చిన్న లైటు మాత్రం మా అమ్మకి పడదు. "రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది, కరెంటు కాలదట్రా?" అంటుంది. "ఏం కాలదమ్మా" అంటాను నేను. నిజానికి ఎంత కాలుతుందో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. ఈ వాదన ఇలా తెగదని ఒక వాట్ మీటరు కొన్నాను. గోడ ప్లగ్గులో మీటరు, మీటరులో కంప్యూటర్ ప్లగ్గు, అంతే. అప్పటికప్పుడు ఎన్ని వాట్లు లాగుతోందో చూపిస్తుంది, మొత్తం ఎన్ని యూనిట్లు అయ్యాయో కూడా లెక్కపెట్టుకుంటుంది.

మొదటి రోజు

మానిటర్, స్పీకర్లు పక్కన పెట్టి ముందు కేబినెట్ ఒక్కదాన్నే కొలిచాను. ఆరు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డు, ఒక ఎస్‌ఎస్‌డీ, ఒక పాత హార్డ్‌డిస్క్ ఉన్న మెషీన్ ఇది.

ఏ పనీ లేకుండా ఊరికే ఆన్‌లో ఉంటే 52 వాట్లు. స్లీప్‌లో 2.6. షట్‌డౌన్ చేస్తే 1.1. వెనక ఎస్‌ఎమ్‌పీఎస్ (గోడ కరెంటుని మెషీన్‌కి సరిపడేలా మార్చే పెట్టె) స్విచ్చి కూడా ఆపేస్తే సున్నా.

నేను ఆగిపోయింది ఆ 1.1 దగ్గర. ఆపేసిన మెషీన్ ఎందుకు తాగుతోంది? కారణం ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి మదర్‌బోర్డుకి వెళ్లే ఊదా రంగు వైరు. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ అందులో 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా ఉంటుంది. 1995లో వచ్చిన ఏటీఎక్స్ అనే మదర్‌బోర్డు, పవర్ సప్లై డిజైన్ నుంచీ ఇదే పద్ధతి. ముందున్న పవర్ బటన్ ఫ్యాన్ స్విచ్చిలాగా కరెంటుని తెంపేది కాదు. "లే" అని మదర్‌బోర్డుకి చెప్పే బెల్లు లాంటిది. బెల్లు వినడానికి లోపల ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి కదా, ఆ కాపలా ఖర్చే ఈ 1.1 వాట్లు.

స్లీప్‌లో ఆ కాపలాతో పాటు ర్యామ్ కూడా బతికి ఉంటుంది. మీరు తెరిచి పెట్టినవన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి, అది తన డేటాని తనే రిఫ్రెష్ చేసుకుంటూ కూర్చుంటుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్లు, డిస్కులు అన్నీ పూర్తిగా ఆగిపోతాయి. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి తెచ్చిన ఏసీపీఐ అనే పవర్ నిర్వహణ ప్రమాణంలో దీని పేరు ఎస్3. హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నది డిస్కులో దాచి ఆగిపోవడం) ఎస్4, షట్‌డౌన్ ఎస్5. బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ఈ పేర్లే కనిపిస్తాయి కాబట్టి గుర్తుంచుకుంటే పనికొస్తాయి.

లెక్క

రోజుకి ఆరు గంటలు వాడతాను, పద్దెనిమిది గంటలు ఖాళీ. ఆ పద్దెనిమిది గంటలూ ఆన్‌లో వదిలేస్తే నెలకి 28 యూనిట్లు. స్లీప్‌లో పెడితే 1.4. షట్‌డౌన్ చేస్తే 0.6. అంటే నేనూ అమ్మా ఇన్నాళ్లూ పోట్లాడుకుంటున్నది నెలకి ఒక యూనిట్ కూడా లేని తేడా కోసం.

ఇంకో చిన్న లెక్క కూడా వేశాను, ఇది నాకు భలే నచ్చింది. షట్‌డౌన్ నుంచి బూట్ అవడానికి నా మెషీన్‌కి 40 సెకన్లు పడుతుంది, అప్పుడు మీటరు దాదాపు 90 వాట్లు చూపిస్తుంది. అంటే ఒక్కో బూట్‌కి ఒక వాట్ అవర్ (యూనిట్‌లో వెయ్యో వంతు). స్లీప్‌కీ షట్‌డౌన్‌కీ తేడా గంటకి ఒకటిన్నర వాట్ అవర్. కాబట్టి నలభై నిమిషాల లోపు తిరిగొచ్చేట్టయితే షట్‌డౌన్ చేయడమే ఎక్కువ ఖర్చు. భోజనానికి లేస్తూ షట్‌డౌన్ చేసేవాళ్లు ఇది చూసుకోవాలి.

ఆ తర్వాత స్పీకర్లని మీటరుకి తగిలించాను. పాతవి, వెనక బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రకం. పాటలేమీ లేకపోయినా 4 వాట్లు! పడుకున్న కంప్యూటర్ కన్నా ఊరికే కూర్చున్న స్పీకర్లే ఎక్కువ తాగుతున్నాయన్నమాట. ఈ సంగతి అమ్మకి ఆ రోజు చెప్పలేదు.

నాలుగో రాత్రి

పడుకునే ముందు స్లీప్‌లో పెట్టి, మీటరుని సున్నా చేసి వెళ్లాను. ఎనిమిది గంటలకి 0.02 యూనిట్లు రావాలి. పొద్దున్నే చూస్తే 0.38. గదిలో ఫ్యాన్ల చప్పుడు, స్క్రీన్ మీద లాగిన్ పేజీ. లెక్క వేస్తే, నేను వెళ్లిన గంట లోపే లేచి రాత్రంతా మెలకువగా కూర్చుంది.

ఒక్క రాత్రి ఇలా లేస్తే ఎనిమిది రోజుల స్లీప్ ఖర్చు ఒకేసారి అయిపోయినట్టే. నా ప్రశ్నే తప్పని అక్కడ అర్థమైంది. స్లీపా షట్‌డౌనా అన్నది తర్వాత. నేను స్లీప్ అనుకుంటున్నది అసలు స్లీపేనా అన్నది ముందు తేలాలి.

విండోస్‌లో దీనికి పవర్‌సీఎఫ్‌జీ అనే కమాండ్ ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి దాని పక్కన స్లాష్ లాస్ట్‌వేక్ అని కొడితే చివరిసారి ఎవరు లేపారో చెబుతుంది. నాకు వచ్చిన జవాబు మౌస్.

మౌస్ ఎవరు కదిలించారు? ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. మర్నాడు రాత్రి దీపం ఆపి, మౌస్‌నే చూస్తూ కూర్చున్నాను. నా టేబుల్ పైభాగం నున్నగా మెరిసే లామినేట్. మౌస్ కింద ఎర్ర వెలుగు ఆ మెరుపు మీద పడి చెదురుతోంది. టేబుల్ కాలు ఒకటి పొట్టిది, ఎవరైనా పక్కగదిలో నడిచినా టేబుల్ సన్నగా వణుకుతుంది. ఆ వణుకుని మౌస్ సెన్సార్ కదలికగా లెక్కేసుకుంటోంది. మౌస్‌ని వెల్లకిలా తిప్పి పెడితే ఆ రాత్రి లేవలేదు. మామూలుగా పెడితే మళ్లీ లేచింది.

పక్కా పరిష్కారం డివైస్ మేనేజర్‌లో ఉంది. మౌస్ మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబులో "ఈ పరికరం కంప్యూటర్‌ని లేపవచ్చు" అన్న టిక్కు తీసేయాలి. కీబోర్డుకి మాత్రం ఉంచాను, లేపడానికి ఏదో ఒకటి కావాలి కదా. లేపే హక్కు ఎవరెవరికి ఉందో మొత్తం జాబితా కావాలంటే పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ డివైస్‌క్వెరీ, ఖాళీ వదిలి వేక్ అండర్‌స్కోర్ ఆర్మ్‌డ్. నా జాబితాలో మౌస్, కీబోర్డు, నెట్‌వర్క్ కార్డు ఉన్నాయి.

ఇంకో సంగతి. మౌస్ లేపితే విండోస్ దాన్ని మనిషి లేపినట్టే చూస్తుంది, మళ్లీ పడుకోవడానికి మనం పెట్టిన టైమరు కోసం ఆగుతుంది. నేనెప్పుడూ చేత్తోనే స్లీప్‌లో పెడతాను కదా అని ఆ టైమరుని "ఎప్పటికీ వద్దు" మీద ఉంచాను. అందుకే తెల్లవార్లూ కూర్చుంది పాపం. ఇప్పుడు 30 నిమిషాలు పెట్టాను.

రెండో వారం

మౌస్ గొడవ తీరాక మూడు రాత్రులు ప్రశాంతం. నాలుగో రాత్రి మళ్లీ లేచింది. ఈసారి నెట్‌వర్క్ కార్డు. దాని పవర్ మేనేజ్‌మెంట్‌లో "మ్యాజిక్ ప్యాకెట్ (మెషీన్‌ని లేపడానికే పంపే ప్రత్యేక సందేశం) వస్తేనే లేపాలి" అన్న టిక్కు లేదు, దాంతో ఇంట్లో ఇంకో మెషీన్ పంపిన మామూలు నెట్‌వర్క్ పలకరింపుకి కూడా లేచి కూర్చుంటోంది. టిక్కు పెట్టాను. ఫోన్ నుంచి లేపే పని లేనివాళ్లు ఆ కార్డుకి లేపే హక్కే తీసేస్తే గొడవ ఉండదు.

పవర్ ఆప్షన్స్‌లో వేక్ టైమర్లు కూడా ఆపేశాను. అప్‌డేట్ల కోసం, మెయింటెనెన్స్ కోసం అర్ధరాత్రి లేచే అలవాటు వాటి వల్లే. అప్పటి నుంచి మీటరు ఏ పొద్దున చూసినా 0.02 దగ్గరే ఉంది.

లినక్స్ వాళ్లు ఒకటి చూసుకోండి: స్లాష్ సిస్ స్లాష్ పవర్ స్లాష్ మెమ్ అండర్‌స్కోర్ స్లీప్ అనే ఫైలులో "డీప్" అన్న మాట చుట్టూ చదరపు బ్రాకెట్లు ఉంటే అది ఎస్3. "ఎస్2ఐడిల్" చుట్టూ ఉంటే మెషీన్ నిజానికి పడుకోవడం లేదు, కళ్లు మూసుకుని ఉంటుందంతే. ఆ రెండింటికీ మీటరు మీద తేడా చాలా ఉండొచ్చు.

మూడో వారం: షట్‌డౌన్ గుట్టు

న్యాయంగా ఉండాలని ఒక వారం పూర్తిగా షట్‌డౌన్ పద్ధతి పాటించాను. రోజూ రాత్రి షట్‌డౌన్, పొద్దున్నే బూట్. వారం చివర ఏదో పనికి టాస్క్ మేనేజర్ తెరిస్తే, సీపీయూ పేజీలో అప్‌టైమ్ ఏడు రోజులకి పైన ఉంది. రోజూ ఆపుతున్న మెషీన్ ఏడు రోజులుగా ఎలా నడుస్తోంది?

2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ మహిమ ఇది. షట్‌డౌన్ నొక్కితే మన ప్రోగ్రాములు మూసేసి, మనల్ని లాగౌట్ చేసి, విండోస్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌నీ డ్రైవర్లనీ మాత్రం డిస్కులో హైబర్నేట్ చేస్తుంది. పొద్దున్నే వాటినే వెనక్కి తెచ్చుకుంటుంది. అందుకే "రోజూ ఆపేస్తున్నా, అయినా ఆ డ్రైవర్ గొడవ పోవట్లేదు" అంటారు కొందరు. వాళ్లు రోజూ నిద్రపుచ్చుతున్నారు, ఆపట్లేదు. నిజంగా మొదటి నుంచి మొదలవ్వాలంటే రీస్టార్ట్ కొట్టాలి, లేదా షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ మీద క్లిక్ చేయాలి. పేర్లు పెట్టినవాళ్లకి దండం పెట్టాలి: రీస్టార్ట్ అంటే పూర్తిగా ఆగడం, షట్‌డౌన్ అంటే సగం ఆగడం.

నాలుగో వారం: దెబ్బ

మళ్లీ స్లీప్‌కి వచ్చేశాను. ఓ మధ్యాహ్నం మెషీన్ స్లీప్‌లో ఉండగా కరెంటు పోయింది. ఐదు నిమిషాలే. తిరిగొచ్చాక బటన్ నొక్కితే లోగో నుంచి మొదలైంది. సేవ్ చేయని రెండు పేజీలు గల్లంతు. విండోస్ తన చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో, మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని చెప్పే కెర్నెల్ పవర్ 41 అని ఎర్ర గుర్తుతో ఒక ఎంట్రీ మిగిలింది. కరెంటు పోతే ర్యామ్ ఖాళీ. స్లీప్‌లో అంతా ర్యామ్‌లోనే ఉంటుందని మొదటి రోజే నేనే రాసుకున్నాను, చదివినంత తేలిగ్గా తలకెక్కలేదు.

దీనికి మందు హైబ్రిడ్ స్లీప్ అని విన్నాను. పడుకునేటప్పుడు ర్యామ్‌లో ఉంచుతూనే డిస్కు మీద కూడా ఒక కాపీ రాస్తుంది. కరెంటు ఉంటే ర్యామ్ నుంచి, పోతే డిస్కు నుంచి లేస్తుంది. నా పవర్ ఆప్షన్స్‌లో ఆ వరసే లేదు. పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ కొట్టి చూస్తే, హైపర్‌వైజర్ ఆన్‌లో ఉంది కాబట్టి కుదరదని జవాబు. వర్చువల్ మెషీన్ల (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్ల) కోసం నేనే ఎప్పుడో ఆన్ చేసింది. అది నాకు కావాలి, కాబట్టి హైబ్రిడ్ వదులుకున్నాను.

మిగిలింది హైబర్నేట్. ర్యామ్‌లో ఉన్నదంతా హైబర్‌ఫిల్ అనే ఫైలులో రాసి మెషీన్ ఆగిపోతుంది. మీటరు మీద షట్‌డౌన్‌లాగే 1.1. స్విచ్చి ఆపేసినా, ప్లగ్గు పీకేసినా ఏమీ పోదు. నా దగ్గర లేవడానికి 22 సెకన్లు, స్లీప్‌కి 3. ఆ ఫైలు మాత్రం ర్యామ్‌లో 40 శాతం, అంటే 6 జీబీకి పైన చోటు తీసుకుంటుంది.

రోజూ అంత రాస్తే ఎస్‌ఎస్‌డీ అరిగిపోదా అని టెన్షన్ పడ్డాను. నా డ్రైవ్‌కి కంపెనీ చెప్పిన రాత పరిమితి 300 టెరాబైట్లు. రోజుకి 5 జీబీ రాసినా ఏడాదికి రెండు టెరాబైట్లు దాటదు. ఆ పరిమితి దాటేసరికి నూట యాభై ఏళ్లవుతుంది. అప్పటికి నేను గానీ, ఆ డ్రైవ్ గానీ ఉండం.

హైబర్నేట్ స్టార్ట్ మెనూలో మామూలుగా కనిపించదు. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, "పవర్ బటన్ ఏం చేయాలి" అన్న పేజీలోకి వెళ్లి టిక్కు పెట్టాలి. అక్కడే కేబినెట్ బటన్‌కి హైబర్నేట్, కీబోర్డు స్లీప్ కీకి స్లీప్ కేటాయించాను. ఇప్పుడు ఆలోచించే పనే లేదు, లేచేటప్పుడు ఏ బటన్ మీద చెయ్యి పడితే అది.

ఇప్పుడు ఎక్కడున్నాను

పగలు లేచినప్పుడల్లా స్లీప్. రాత్రికి హైబర్నేట్, దాంతో పాటే స్పీకర్లూ మానిటరూ ఉన్న పవర్ స్ట్రిప్ స్విచ్చి ఆఫ్. ఆదివారం ఒక రీస్టార్ట్, అప్‌డేట్లు ఏవైనా ఉంటే అప్పుడే. బయోస్‌లో ఈఆర్‌పీ అనే ఆప్షన్ కూడా ఆన్ చేసి చూశాను. ఆఫ్‌లో ఉన్నప్పటి వాడకం తగ్గించే యూరప్ నియమాల కోసం పెట్టింది అది. షట్‌డౌన్ ఖర్చు 1.1 నుంచి 0.4కి దిగింది కానీ, మెషీన్ ఆపాక యూఎస్‌బీ పోర్టులో ఫోన్ చార్జింగ్ ఆగిపోయింది. నాకు చార్జింగే కావాలి, వెనక్కి మార్చేశాను.

తేలనిది ఒకటుంది. స్లీప్ నుంచి లేచాక రెండో మానిటర్ మీద ఉన్న విండోలన్నీ మొదటిదాని మీదకి వచ్చి కుప్పపడుతున్నాయి. డిస్‌ప్లేపోర్ట్ మానిటర్ పడుకోగానే దాన్ని పీకేసినట్టు విండోస్ అనుకోవడం వల్ల వచ్చే తంటా అది. విండోస్ 11 డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో విండోల స్థానం గుర్తుంచుకునే టిక్కు పెట్టాను, కొంత నయం. వచ్చే వారం కేబుల్ మార్చి హెచ్‌డీఎమ్‌ఐతో చూడాలి.

దాని తర్వాత మానిటర్ ఒక్కదాన్నే రాత్రంతా కొలుద్దామనుకున్నాను గానీ మీటరు నా దగ్గర లేదు. నిన్న అమ్మ తీసుకెళ్లి హాల్లో సెట్‌టాప్ బాక్సుకి తగిలించింది. ఇందాక పిలిచింది: "ఒరేయ్, టీవీ ఆపేసి గంటైంది, ఇది ఇంకా 9 చూపిస్తోందేంట్రా?"